పద్నాలుగు తెల్ల గాజులు

తప్పులు దిద్దడం నాకు ఉద్యోగం కన్నా ముందే పట్టుకున్న జబ్బు. ఎవరి ఇంటి శుభలేఖలోనైనా అచ్చుతప్పు కనబడితే పెన్ను తీసి దిద్దితే గానీ పక్కన పెట్టేదాన్ని కాదు. మా ఆయన చెప్పులు వంకరగా విడిస్తే ఆయనతో మాట్లాడుతూనే కాలితో సరిచేసేదాన్ని. ఎనభైల చివర్లో ఆయన వెంట ఒమాన్‌లోని నిజ్వా వచ్చి, అక్కడి చిన్న ఇండియన్ స్కూల్లో హిందీ, లెక్కలు చెప్పడానికి చేరాక ఆ జబ్బుకు జీతం కూడా రావడం మొదలైంది. దానివల్ల పిల్లలకు ఎంత మేలు జరిగిందో నాకు తెలియదు. ఒక ఆడమనిషికి ఎంత కీడు జరిగిందో మాత్రం తెలుసు. ఆ సంగతి చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

మా ఆయన కంపెనీలో కాగితాల పనులన్నీ చూసే ఒక హైదరాబాదీ ఉండేవాడు. వీసాలు, లేబర్ కార్డులు, ఆస్పత్రి, పోలీసు స్టేషన్, ఎక్కడ ఏ ముద్ర వేయించాలన్నా ఆయనే. అందరూ భాయ్ అనేవారు. ఒక బుధవారం సాయంత్రం మా ఇంటికొచ్చి, కుర్చీ చూపించినా కూర్చోకుండా గుమ్మంలోనే నిలబడి అడిగాడు.

"అమ్మా, మీతోని ఒక కామ్ పడ్డది. జైల్ల ఒక ఆడామె ఉంది. మీ కడప దిక్కుదంట. ఆమె మాట ఎవ్వలకు సమజైతలేదు. మీరు ఒక్కపారి వచ్చి మాట్లాడుండ్రి. సవాబ్ దొరుకుతది."

పుణ్యం సంగతి అలా ఉంచి, జైలు అనగానే నాకు భయమేసింది. మస్కట్‌లో కొందరు మన ఆడవాళ్ళు నెలకోసారి జైల్లో ఉన్న ఇండియా ఆడవాళ్ళను చూసి, సబ్బులూ బట్టలూ ఇచ్చి వస్తారట. వాళ్ళలో ఒక్కరికీ తెలుగు రాదు. లోపలినుంచి మా ఆయన "నీకెందుకొచ్చిన గొడవ" అన్నాడు. ఆ మాటతో నా భయం ఎటు పోయిందో పోయింది. వస్తానని భాయ్‌తో చెప్పేశాను.

మర్నాడు గురువారం, అక్కడ వారాంతం, బడికి సెలవు. భాయ్ పికప్‌లో కొండల మధ్య రెండు గంటలు వెళ్ళాం. దాంట్లో ఏసీ ఆయన వైపే పనిచేసేది. జైలు నేను ఊహించుకున్నట్టు లేదు. శుభ్రంగా, నిశ్శబ్దంగా ఉంది. ఆడవాళ్ళ విభాగంలో అధికారిణి నా చేతికి చిన్న కప్పులో కహ్వా, అక్కడి కాఫీ, ఇచ్చి, ఖర్జూరాల పళ్ళెం ముందుకు తోసి, తిన్నాకే ఇంగ్లీషులో మాట మొదలుపెట్టింది.

ఆమెను తీసుకొచ్చారు. పాతికేళ్ళు ఉంటాయి. పొడుగు గౌను, మొహం నిండా భయం. నేను "మీది ఏ ఊరమ్మా" అనగానే రెండు చేతులూ పట్టుకుంది.

"అక్కా, మన పక్క మాట మాట్లాడతాండావే! మాది రాయచోటి కాడ తాండా. సుగాలోళ్ళం."

మా పక్క లంబాడీలను సుగాలీలంటారు. నా చిన్నప్పుడు వాళ్ళు కట్టెల మోపులతో కడపకు వచ్చేవాళ్ళు. అద్దాల లంగాలు, వెంట్రుకలకు వేలాడే వెండి, మోచేతి పైన భుజం దాకా బలియాలనే తెల్లటి గాజులు. మేము పిల్లలం నోళ్ళు తెరుచుకుని చూసేవాళ్ళం. వాళ్ళు మోపు దించి వెళ్ళాక మా నాయనమ్మ గడప కడిగించేది. ఆ గడప ఇంటినుంచి వచ్చినదాన్నే నేను. ఈ కథలో అది మరిచిపోకూడదు.

ఆమె చెప్పింది సూటిగానే చెప్పింది. నిజ్వా పక్కనున్న బహ్లాలో ఒక ఇంట్లో పిల్లల్ని చూసుకునే పని. ఇంటి దగ్గర కూతురికి జబ్బు చేసిందని కబురు వచ్చింది. పంపమని అడిగితే రెండేళ్ళు నిండాకే అన్నారు. ఒకరోజు ఆ ఇంటావిడ పెట్టెలోంచి బంగారు గొలుసు తీసి గౌనులో దాచుకుని రోడ్డెక్కింది. విమానాలు ఎగిరే చోటికి ఏ బస్సు పోతుందని కనబడిన వాళ్ళనల్లా అడుగుతుంటే పోలీసులు పట్టుకున్నారు. ఏడాదిన్నర శిక్ష.

"నిజంగా తీసినావా?" అన్నాను.

"తీసినా అక్కా. లేదని ఎట్ల చెప్దు? గొలుసు నా కాడనే దొరికె."

నాకు ఆమె మీద గౌరవం కలిగింది ఆ మాటకే. తప్పును ఒప్పుకునే విద్యార్థి నాకెప్పుడూ ఇష్టం. పాప ఎలా ఉందో కనుక్కుంటానని మాటిచ్చాను. లేవబోతుంటే ఆమె గౌను చేతులు పైకి లాగి చూపించింది. మోచేతి పైన చర్మం తెల్లగా, కట్లు కట్టిన గుర్తుల్లా వరసలు వరసలుగా ఉంది.

"నా బలియాలు తీసేసినారక్కా. సబ్బు పూసి లాగినారు. ఏడొకపక్క, ఏడొకపక్క. మా అత్త పెండ్లినాడు తొడిగింది. మొగుడు బతికుండంగా తియ్యగూడదు. యాడ పెట్టినారో అడుగక్కా."

అడిగాను. లోపలికి వచ్చే వాళ్ళ ఒంటిమీద గట్టి వస్తువేదీ ఉండకూడదని రూలట. సంచిలో పెట్టి, సీలు వేసి, పేరు రాసి దాచామని, వెళ్ళే రోజు ఇచ్చేస్తామని చెప్పారు. అదే ఆమెకు చెప్పాను. నమ్మింది.

అలా నెలకోసారి వెళ్ళడం మొదలుపెట్టాను. జైల్లో కుట్టుమిషన్ల గది ఉండేది. ఆమెను అక్కడ చేర్పించమని అధికారిణిని బతిమాలాను. కుట్టు ఆమెకు ఒకరు నేర్పాల్సిన విద్య కాదు. మిషను తొక్కడం పదిరోజుల్లో వచ్చేసింది. నేను పలకా బలపం తీసుకెళ్ళి అ ఆలు దిద్దించాను. సంతకం వచ్చిన రోజు ఆమె కన్నా నేనే ఎక్కువ ఎగిరాను. పాపకు జ్వరం తగ్గి తాండాలో తిరుగుతోందని జాబు తెచ్చి చదివిన రోజు ఆమె ఏడ్చింది, నేనూ ఏడ్చాను.

ఒకసారి ఒక గుడ్డ చూపించింది. ఎర్రదారం, పచ్చదారం, నిండా వాళ్ళ పనితనం. మధ్యమధ్య గుండ్రంగా ఖాళీలు. గాజు వస్తువులు లోపలికి రానివ్వరు కాబట్టి అద్దాలు లేవు. అద్దం చుట్టూ వేసే కుట్టు మాత్రం వేసి, నడుమ బట్టను అలాగే వదిలేసింది. బోసిగా ఉన్నాయి, పువ్వులు కుట్టి నింపమన్నాను.

"అవి అద్దాల జాగాలక్కా," అంది నవ్వి. "ఇంటికి పోయినాక పెట్టుకుంటా."

వినకపోతే మానె అనుకున్నాను గానీ లోపల కొంచెం గుచ్చుకుంది. వెళ్ళిన ప్రతిసారీ చివరి ప్రశ్న మాత్రం ఒక్కటే. "నా బలియాలు ఉండాయి గదా అక్కా?" ఉన్నాయి తల్లీ, ఎక్కడికీ పోలేదు, ముందు గుణింతాలు దిద్దు అని కసురుకునేదాన్ని. గాజులే కదా అనుకున్నాను. మా ఇళ్ళల్లో గాజు పగిలితే ఇంకో డజను తొడుక్కుంటారు. మొగుడు చల్లగా ఉండాలనే భయం మాకూ ఉంది, కానీ ఆ భయానికి బజార్లో ఎప్పుడూ కొత్త గాజులు దొరుకుతాయి. ఆమెవి అలాంటివి కావని ఆమె మొదటి రోజే చెప్పింది. నేను విన్నాను, నా ఇంటి అర్థం తగిలించుకుని విన్నాను.

ఇంతలో తాండా పెద్ద, వాళ్ళు నాయక్ అంటారు, ఎవరి చేతనో నాకు జాబు రాయించాడు. తప్పు చేసింది, శిక్ష పడింది, మొగుడు ఎదురు చూస్తున్నాడు, రాగానే పంచాయతీ పెట్టి మాట్లాడుకుంటాం అని. పంచాయతీ అన్న మాట చదవగానే నాకు ఒళ్ళు మండింది. ఇరవైమంది మగవాళ్ళు చుట్టూ కూర్చుని, ఆ పిల్లను నడుమ నిలబెట్టి, దొంగ అని నానా మాటలూ అంటారని కళ్ళముందు సినిమా నడిచింది. అలా జరగనివ్వకూడదనుకున్నాను. వెళ్ళింది సుగాలి పనిమనిషి, తిరిగి వచ్చేది చదువుకున్న ఆడమనిషి అని వాళ్ళు నోళ్ళు మూసుకోవాలి. మస్కట్‌లోని రువీ బజారుకు వెళ్ళినప్పుడు మంచి చీర ఒకటి, ఆకుపచ్చ గాజులు రెండు డజన్లు కొన్నాను. కుట్టు నేర్చుకున్నట్టు జైలువాళ్ళ దగ్గర ఇంగ్లీషు కాగితం రాయించాను. నా మనసులో ఆమె అప్పటికే జీపు దిగి, చీర కుచ్చిళ్ళు పట్టుకుని, తలెత్తుకుని నడిచి వెళుతోంది.

రంజాన్ ముందు కొందరికి శిక్ష తగ్గించారు. వాళ్ళలో ఆమె కూడా ఉంది. కబురు ముందురోజు తెలిసింది. బడికి సెలవు పెట్టి భాయ్‌తో పరిగెత్తాను. జైలునుంచి నేరుగా పోలీసు బండిలో విమానాశ్రయానికి పంపుతారు. ఆమె లోపల నేను తెచ్చిన చీర కట్టుకుంటోంది. అధికారిణి సామాన్ల సంచి తెరిచి బల్లమీద పెట్టి, సాక్షిగా నన్ను సంతకం పెట్టమంది. పాత లంగా, వెంట్రుకలకు పెట్టుకునే వెండి, గుడ్డలో చుట్టిన గాజులు. పద్నాలుగు. పచ్చబారి, అంచులు అరిగి, ఎవరో ముసలమ్మ దంతాల్లా ఉన్నాయి. అధికారిణి లెక్కపెట్టి నావైపు జరిపింది. నేను సంతకం చేశాను. లంగా, వెండి ఆమె కోసం తెచ్చిన పెట్టెలో పెట్టాను. గాజుల మూట నా హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నాను.

ఎందుకలా చేశానని తర్వాత చాలాసార్లు నన్ను నేనే అడిగాను. ఏనుగు దంతమని విమానాశ్రయంలో పట్టుకుంటారేమో, మళ్ళీ జైలవుతుందేమో అని భయపడ్డానని మా ఆయనతో చెప్పాను. ఆ భయం కొంచెం నిజమే. కానీ ఆ అధికారిణిని ఒక్కమాట అడిగి ఉంటే తీరిపోయేది, నేను అడగలేదు. అసలు సంగతి, ఆ చీర మీదికి ఆ గాజులు నాకు నచ్చలేదు. నేను దిద్దిన కాగితం మీద పాత అక్షరం మిగిలిపోయినట్టు అనిపించింది. ఇంతకన్నా మంచి కారణం నా దగ్గర లేదు. ఉన్నట్టు రాయలేను.

బయటికొచ్చింది. చీరలో చక్కగా ఉంది. మొదట పెట్టె తెరిచి చూసుకుంది.

"అక్కా, నా బలియాలు?"

"పగిలిపోయినాయంట," అన్నాను. "కొత్త గాజులు పెట్టినా చూడు."

"అన్నీనా?"

"అన్నీ."

"ముక్కలన్నా ఇమ్మనక్కా."

"ముక్కలు ఎవరు దాస్తారు? పారేసినారంట."

మెట్టుమీద కూలబడిపోయింది. ఏదో వాళ్ళ భాషలో తనలో తాను అనుకుంది. బండి సిద్ధంగా ఉంది, పోలీసామె తొందర పెడుతోంది. నేను లేవదీశాను. కూతురు కళ్ళలో ఒత్తులేసుకుని చూస్తోంది, గాజుల కోసం ఏడుస్తావా అని కేకలేశాను. లేచింది. చీర కొంగు తీసి రెండు భుజాల మీదుగా చుట్టుకుని, మోచేతుల దాకా కప్పుకుని బండెక్కింది. బయట మండే ఎండ. ఆమె అలా ఎందుకు కప్పుకుందో ఆలోచించాలని నాకు తోచనే లేదు.

తిరుగు దారిలో చేతిరుమాలు కోసం బ్యాగు తెరిస్తే భాయ్ కంట మూట పడింది. ఏమిటని అడిగాడు. చెప్పాను. చెక్‌పోస్ట్ దాటాక అన్నాడు.

"ఆమె చీజ్ ఆమెకిచ్చేది ఉండె కదమ్మా. అమానత్ అది, నమ్మి దాయనిచ్చింది. మంచిదో చెడ్డదో మనకెందుకు?"

"మీకు తెలియదు ఊరుకోండి భాయ్," అన్నాను. ఊరుకున్నాడు.

రెండు జాబులు రాశాను. జవాబు రాలేదు. సుఖంగా ఉండి మరిచిపోయిందనుకుని సర్ది చెప్పుకున్నాను. కడప వెళ్ళేవాళ్ళు నిజ్వాలో నెలకొకరు ఉండేవాళ్ళు. వాళ్ళలో ఎవరి చేతనైనా ఆ మూట పంపి ఉండవచ్చు. పంపితే నా అబద్ధం బయటపడుతుంది. బీరువాలో బట్టల కింద పెట్టి, పైన ఇంకొన్ని బట్టలు పెట్టాను.

మూడేళ్ళ తర్వాత సెలవుకు ఇంటికి వెళ్ళినప్పుడు మూట వెంట తీసుకెళ్ళాను. రాయచోటిలో జీపు మాట్లాడుకుని తాండాకు వెళ్ళాను. ఆమె అత్త దొరికింది. ముసలామె, చేతులు బోసిగా ఉన్నాయి, మొగుడు పోయాడు. నేనెవరో చెప్పగానే చాప పరిచి నీళ్ళిచ్చింది.

"మీ కోడలు ఏదమ్మా?"

"ఇంగ యాడి కోడలు? రాయచోటిలో మిషను కుట్టుకుంటాండాది."

నేను తెల్లబోయాను. జైలుకు పోయిందని వెళ్ళగొట్టారా అని కోపంగానే అడిగాను. ముసలామె నాకన్నా ఎక్కువ ఆశ్చర్యపోయింది.

"జైలు మాట ఎవరెత్తినారమ్మా? బిడ్డ కోసం పోయె, తప్పు చేసె, కష్టం పడె. పంచాయతీలో తప్పయిందని చెప్తే నాయక్ బెల్లం పంచుతాడు, ఆడికి సరి. బెల్లం తెచ్చి పెట్టుకోనే ఉంటిమి. నా కొడుకు రోడ్డు కాడ నిలబడుండాడు. వాడు బతికుండంగా, వాని కండ్ల ముందర, ఉత్త చేతులతో జీపు దిగె. బలియాలు ఏవంటే పగిలిపోయినాయనె. ముక్క చూపీమంటే లేదనె. పద్నాలుగూ ఒక్కపారి పగులుతాయా? ఆడ ఇంగొకణ్ణి చూసుకోని తనే తీసేసిందని ఊరంతా అనె. ఒక్క ముక్క కొంగున ముడేసుకోని వచ్చుంటే సాలు, నేనే మళ్ళా తొడిగుందు."

ఒళ్ళో ఉన్న బ్యాగు బరువు నా తొడలకు తెలుస్తోంది. అప్పుడే తెరిచి చూపించాల్సింది. తెరవలేదు. కొడుకు ఏడాది చూసి ఇంకో పెళ్ళి చేసుకున్నాడట. పాప నాయనమ్మ దగ్గరే పెరుగుతోందట. తల్లి సంతరోజు దూరంనుంచి చూసిపోతుందట. నేను లేచి దొంగలా జీపెక్కాను.

రాయచోటి బస్టాండు పక్క వసారాలో దొరికింది. మిషను మీద రైక కుడుతోంది. నన్ను చూసి లేచి, తన ముక్కాలిపీట నాకు వేసింది. చేతులకు నేను కొన్న ఆకుపచ్చ గాజులు లేవు, ఏవీ లేవు. నేను మూట ఆమె చేతిలో పెట్టాను. విప్పింది. ఒక్కొక్కటే తీసి మిషను బల్లమీద పెట్టుకుంటూ పోయింది. చివరిది పెట్టి నా మొహంలోకి చూసింది.

"ఒగటి గూడా పగల్లేదే అక్కా."

అంతా చెప్పాను, ఏడుస్తూ చెప్పాను. తిట్టలేదు. తిడితే బాగుండునని ఆశపడ్డాను. తొడుక్కుని తాండాకు పోదాం రా, నాయక్ ముందు నేను చెప్తానన్నాను.

"ఆయప్పకు పెండ్లాముండాది గదక్కా. మా అత్త చేతులారా తొడిగింది ఆమెకు. నేను ఇవి ఏసుకోని పోతే ఆయమ్మ యాడికి పోవాల?" అంది. కాసేపాగి, "నువ్వు చెప్పాలనుకుంటే ఒగటి చెప్పు. నేను తియ్యలేదని చెప్పు. నా బిడ్డ ఇనాల," అంది.

మర్నాడు ఆమెను వెంటబెట్టుకుని తాండాకు వెళితే పంచాయతీ పెట్టారు. నేను ఆమె గురించి భయపడిన ఆ ఇరవైమంది మగవాళ్ళ నడుమ నేనే నిలబడ్డాను. మూట విప్పి చూపించి, ఆమె తియ్యలేదు, పగల్లేదు, నేనే దాచాను, అబద్ధం చెప్పాను, తప్పయింది అన్నాను. ఎవరూ ఒక్కమాట అనలేదు. నాయక్ ముసలాయన, తలూపి, "తప్పు ఒప్పుకునె. సరిపాయె," అన్నాడు. ఆమె తప్పేమీ లేదని, తాండాకు ఎప్పుడైనా వచ్చి బిడ్డను చూసుకోవచ్చని చెప్పాడు. ఇల్లు మాత్రం తిరిగి ఇవ్వలేమని కూడా చెప్పాడు. బెల్లం పంచారు. మొదటి ముక్క ముసలామె నా చేతిలో పెట్టింది. ఇంత తేలిగ్గా ముగిసే సంగతిని నేను ఇన్నాళ్ళు ఎంత పెద్ద భూతం చేసుకున్నానో అప్పుడు తెలిసింది. ఆ ముక్క మూడేళ్ళ కిందట ఆమె చేతిలో పడాల్సింది.

జీపు కోసం ఆమే నేనూ రోడ్డు పక్క నిలబడ్డాం. పాప కొంచెం దూరం వెంట వచ్చి, నాయనమ్మ పిలిస్తే వెనక్కి పరిగెత్తింది. గాజుల మూట ఆమె తీసుకోలేదు, నా బ్యాగులోనే ఉంది. బెల్లం ముక్క ఇంకా నా గుప్పిట్లో ఉంది, చెమటకు కరిగి వేళ్ళకు అంటుకుంటోంది. ఆమె అది చూసింది.

"తిను అక్కా," అంది. "నీకు ఇచ్చినారు గదా."